పేగు బ్యాక్టీరియా వల్ల క్యాన్సర్ లివర్‌కి పాకుతుందా? మీ ఇళ్లలో ఏం జరిగింది, డాక్టర్లు ఏమన్నారు?

వైనతేయ

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ చేసి ఎడమవైపు పేగు కొంత తీసేశారు, ప్రస్తుతానికి మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టారు. తర్వాత తీసిన స్కాన్‌లో లివర్ మీద చిన్న మచ్చ కనబడింది. బయాప్సీ చేస్తే అదీ పేగు నుంచి పాకిందేనని తేలింది. ఇప్పుడు కీమో నడుస్తోంది.

బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన "పేగుల్లో బ్యాక్టీరియానే క్యాన్సర్‌ని లివర్‌కి మోసుకెళ్తుంది, దాన్ని చంపే మందు వాడితే పాకడం ఆగిపోతుంది" అని పెట్టారు. మా పిన్నిగారేమో ప్రోబయోటిక్ పొడి డబ్బా పట్టుకొచ్చారు, పేగులో మంచి బ్యాక్టీరియా పెరగాలట. ఒకరు చంపమంటారు, ఒకరు పెంచమంటారు. నాన్నగారు ఆ డబ్బా మంచం పక్కనే పెట్టుకుని "ఒక చెంచా వేసుకోనా అమ్మా" అని రోజూ అడుగుతున్నారు. వద్దనడానికీ, సరేననడానికీ నా దగ్గర కారణం లేదు.

డాక్టరుగారి గదిలో మాకు దొరికే సమయం చాలా తక్కువ. ఏం అడగాలో ముందే రాసుకుని వెళ్దామని ఇక్కడ అడుగుతున్నాను. ఇంట్లో ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

సూక్ష్మలోకం

వైనతేయ గారూ, నేను హ్యూస్టన్‌లో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తాను. వైద్యుణ్ణి కాను కాబట్టి నాన్నగారికి ఏం వాడాలో చెప్పను. ఆ వాట్సాప్ మాట ఎక్కడ పుట్టిందో మాత్రం చెప్పగలను. అందులో నిజం ఉంది, అయితే సగమే.

మన నోట్లో, పళ్ల మీద పట్టే గారలో ఫ్యూజోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ అని ఒక బ్యాక్టీరియా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పేగులో దీని జాడ తక్కువ. 2012లో రెండు బృందాలు విడివిడిగా పెద్దపేగు కణితుల్ని పరీక్షిస్తే, పక్కనున్న మామూలు పేగులో కంటే కణితిలో ఇది బాగా ఎక్కువగా దొరికింది. క్యాన్సర్ కణాల పైన ఒక రకం చక్కెర అణువు దట్టంగా ఉంటుంది. ఈ బ్యాక్టీరియా మీదుండే ఫ్యాప్2 అనే ప్రొటీన్ సరిగ్గా ఆ చక్కెరకే అతుక్కుంటుంది. అదే ప్రొటీన్ క్యాన్సర్‌ని చంపాల్సిన మన రోగనిరోధక కణాలను కూడా పట్టుకుని వాటి పని ఆపేస్తుంది.

మీకు అసలు కావలసింది 2017లో బోస్టన్‌లోని డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థ వాళ్లు చేసిన పని. ఒకే మనిషి పేగులోని కణితినీ, లివర్‌కి పాకిన కణితినీ పక్కపక్కన పెట్టి చూశారు. పేగు కణితిలో ఫ్యూజోబ్యాక్టీరియం ఉన్నవాళ్లలో లివర్ కణితిలోనూ అదే కనబడింది, జన్యువుల్లో చూస్తే దాదాపు అదే రకం. అంటే క్యాన్సర్ కణాలతో పాటే అదీ ప్రయాణం చేసినట్టుంది. ఆ కణితి ముక్కల్ని ఎలుకలకి ఎక్కించి, ఒక ఎలుక నుంచి ఇంకోదానికి మారుస్తూ పోయినా బ్యాక్టీరియా లోపల బతికే ఉంది. ఆ ఎలుకలకి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే బ్యాక్టీరియా తగ్గింది, కణితి పెరుగుదల నెమ్మదించింది. మీ బంధువు చెప్పిన "చంపే మందు" ఇదే అయ్యుండాలి.

నెమ్మదించింది అన్నాను, ఆగిందనలేదు. అదీ ఎలుకల్లో. మెట్రోనిడజోల్ వేసుకున్న మనుషుల్లో క్యాన్సర్ పాకడం ఆగిందని ఇంతవరకూ రుజువు కాలేదు.

పాలమూరు_బిడ్డ

అక్కా, ధైర్యంగుండు. మా తమ్మునికి రెక్టం క్యాన్సర్, అంటే పెద్దపేగు ఆఖరి భాగంల, వయసు ముప్పై నాలుగే. మేము గూడ గిట్లనే ఫోన్ల వచ్చినయన్ని నమ్మి పరేషానైనం. ఇర్నోటికాన్ అనే మందు ఉన్న కీమో ఎక్కిచ్చిండ్రు. రెండో రోజుకెల్లి విరేచనాలు, ఆగితె ఒట్టు. తమ్మునికి గూడ పొట్ట మీద సంచే, గంటకోపాలి నిండుతుండె, తమ్ముడు లేవలేక గోడ పట్టుకొని నిలబడుతుండె. అప్పుడు ఒక చుట్టపాయన ప్రోబయోటిక్ క్యాప్సూల్ ఇయ్యుండ్రి, ఇట్టె ఆగిపోతయన్నడు. మేము ఇయ్యలే. ఆస్పత్రికి ఫోన్ చేస్తె వెంటనే తీస్కరమ్మన్నరు, సెలైన్ పెట్టిండ్రు, విరేచనాలు ఆపే లోపెరమైడ్ ఇచ్చిండ్రు, తర్వాత మోతాదు తగ్గిచ్చిండ్రు. గప్పటి సంది జర నయం.

నాకు అర్థంగానిది ఒక్కటే. గంత చిన్న వయసుల పెద్దపేగు క్యాన్సర్ ఎందుకొస్తది? తమ్ముడు తాగడు, సిగరెట్ ముట్టడు. సూక్ష్మలోకం అన్నా, దీనికి గూడ బ్యాక్టీరియానే కారణమా?

సూక్ష్మలోకం

మీ తమ్ముడికి వచ్చిన విరేచనాల్లో పేగు బ్యాక్టీరియా చెయ్యి నిజంగానే ఉంది. ఇర్నోటికాన్ శరీరంలో పనిచేశాక, లివర్ దానికి ఒక చక్కెర అణువు తగిలించి విషం తగ్గించి పేగులోకి పంపేస్తుంది. అక్కడి బ్యాక్టీరియాకి ఆ చక్కెర కావాలి. బీటా-గ్లూకురోనిడేజ్ అనే ఎంజైముతో దాన్ని కోసి తినేస్తుంది. దాంతో మందు మళ్లీ పదునెక్కి పేగు గోడని కాలుస్తుంది. మీరు ఇంట్లో కూర్చోకుండా ఫోన్ చెయ్యడం చాలా మంచి పని.

చిన్న వయసు సంగతి. పేగులో ఉండే ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు కోలిబ్యాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది డీఎన్ఏ మీద గుర్తుపట్టగల మచ్చ వదులుతుంది. 2025లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియేగో బృందం 11 దేశాల 981 మంది కణితుల జన్యువులు చదివితే, 40 ఏళ్లలోపు రోగుల్లో ఆ మచ్చలు 70 దాటినవాళ్లలో కంటే 3.3 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. చిన్నతనంలోనే, పదేళ్లలోపే ఆ దెబ్బ తగిలి ఉండొచ్చని వాళ్ల అంచనా. ఇది క్యాన్సర్ మొదలవడం గురించి, పాకడం గురించి కాదు. మీ తమ్ముడి విషయంలో అదే జరిగిందని ఎవరూ చెప్పలేరు. అయితే ఒకటి గట్టిగా చెప్పొచ్చు: అతను చేసిన తప్పేమీ లేదు.

పాలమూరు_బిడ్డ

గీ మాట తమ్మునికి సదివి వినిపిస్త అన్నా. ఆడు లోపల్లోపల గదే మనసుల వెట్టుకొని బాధపడుతుండు.

వార్డు_అక్క

విశాఖలో క్యాన్సర్ వార్డులో నర్సుని. వైనతేయ గారూ, ఆ డబ్బా సంగతి ముందు తేల్చండి.

ప్రోబయోటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవులు. మామూలు మనిషి తింటే ఏం కాదు. కీమోలో రక్తంలోని తెల్లకణాలు పడిపోయినప్పుడు, కీమో వల్ల పేగు లోపలి పొర పుండ్లు పడినప్పుడు ఆ బతికున్నవే రక్తంలోకి దూరే ప్రమాదం ఉంది. మందు ఎక్కించడానికి ఛాతీలో కీమో పోర్టో, చేతికి పిక్ లైన్ అనే గొట్టమో ఉన్నవాళ్లకి ఇంకా జాగ్రత్త కావాలి. ఈస్ట్ రకం ప్రోబయోటిక్ పొడి ఉంటుంది. ఆ సాచెట్‌ని లైన్ ఉన్న మంచం దగ్గర చింపొద్దని మాకు నేర్పిస్తారు, పొడి గాల్లో లేచి లైన్ మీద పడినా ఇన్ఫెక్షన్ రావచ్చని. నాన్నగారు డబ్బా మంచం పక్కనే పెట్టుకున్నారన్నారు కదా, దయచేసి అక్కణ్ణుంచి తీసేయండి. డాక్టరుగారు రాస్తే అప్పుడు చూద్దాం.

ఇంకోటి. కీమో తీసుకుంటున్న మనిషికి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రైనా ఆస్పత్రికి రావాలి. పొద్దున్నే వెళ్దాంలే అనుకోవద్దు. ఇంట్లో పారాసిటమాల్ వేసి జ్వరం దాచేయొద్దు. "యాంటీబయాటిక్ వేస్తే మంచి బ్యాక్టీరియా పోతుంది" అని ఎక్కడో చదివి ఆ టైములో ఎవరూ వెనకాడకండి. తెల్లకణాలు లేని జ్వరంలో యాంటీబయాటిక్కే ప్రాణం కాపాడుతుంది.

సీమ_గాలి

మాది అనంతపురం జిల్లా. మా ఆమెకు కిడ్నీ క్యాన్సర్, ఊపిరితిత్తులకు పాకింది. ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్ (మన రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను కొట్టించే మందు) మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమన్నా వాడినారా?" అని. గొంతునొప్పికి మెడికల్ షాపులో అడిగి ఐదు రోజుల కోర్సు తెచ్చుకున్యాం. చీటీ లేదు, పేరు గూడా గుర్తులేదు. ఖాళీ స్ట్రిప్ ఇంట్లో వెతికి ఫోటో తీసి పంపితే చూసుకొని రాసుకున్నారామె. ఆ గొంతునొప్పికి యాంటీబయాటిక్ అక్కరే లేదని, ఇకమీద తనకు చెప్పకుండా షాపులో ఏదీ తీసుకోవద్దని గట్టిగా చెప్పినారు. ఇంజెక్షన్ మాత్రం ఆపలేదు.

పేగుకూ, కిడ్నీకీ, ఊపిరితిత్తులకూ ఏం సంబంధమని అప్పుడు నాకు అర్థం కాలేదు. తెలిసినోళ్లు చెప్పండి.

సూక్ష్మలోకం

సీమ_గాలి గారూ, ఆవిడ అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

2018 జనవరిలో ఒకే పత్రిక సంచికలో మూడు పరిశోధనలు వచ్చాయి. పారిస్ నుంచి ఒకటి, ఇక్కడి ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి నుంచి ఒకటి, షికాగో నుంచి ఒకటి. మూడింటి సారం ఒకటే: ఇమ్యూనోథెరపీ ఎవరిలో బాగా పనిచేస్తుందన్నది వాళ్ల పేగు బ్యాక్టీరియాతో కూడా ముడిపడి ఉంది. పారిస్ వాళ్లు ఊపిరితిత్తి, కిడ్నీ, మూత్రాశయ క్యాన్సర్లున్న 249 మందిని చూశారు. చికిత్స మొదలయ్యే రోజుల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లలో ఫలితం తక్కువగా ఉంది. పేగు బ్యాక్టీరియా, దాని నుంచి వచ్చే పదార్థాలు రోగనిరోధక కణాలకి నిరంతరం తర్ఫీదు ఇస్తుంటాయి. ఆ కణాలు రక్తంలో ఒళ్లంతా తిరుగుతాయి కాబట్టి ప్రభావం పేగు దాటి కనబడుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. బాగా జబ్బుపడినవాళ్లకే యాంటీబయాటిక్ ఎక్కువగా పడుతుంది. కాబట్టి ఫలితం తగ్గడంలో మందు వాటా ఎంత, జబ్బు తీవ్రత వాటా ఎంత అన్నది మనుషుల్లో పూర్తిగా విడదీయడం కష్టం. అందుకే వార్డు_అక్క గారు చెప్పిందీ, మీ డాక్టరమ్మ చెప్పిందీ ఒకదానికొకటి అడ్డు రావు. అవసరమైతే వాడాలి, అక్కర్లేని గొంతునొప్పికి వాడొద్దు.

తరి_పొలం

మాది నిజామాబాద్ దగ్గర. అమ్మకి రొమ్ము క్యాన్సర్, చికిత్స అయిపోయింది, ఇప్పుడు హార్మోన్ మాత్రలు. మళ్లీ ఎక్కడికన్నా పాకుతుందేమోనని భయం. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ మలం పరీక్ష చేసి "మీ పేగు స్కోరు" ఇస్తామంటే డబ్బు కట్టి చేయించాను. పదిహేను పేజీల రిపోర్టు, రంగురంగుల చక్రాలు, చివర్లో వాళ్ల దగ్గరే కొనాల్సిన పొడుల జాబితా. ఆంకాలజిస్ట్‌కి చూపిస్తే దీన్ని బట్టి నేను ఏ మందూ మార్చలేనన్నారు. రొమ్ము క్యాన్సర్‌కీ పేగుకీ అసలు లింకుందా?

సూక్ష్మలోకం

ఎలుకల్లో ఉంది. 2019లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు యాంటీబయాటిక్స్‌తో ఎలుకల పేగు బ్యాక్టీరియాని ముందే చెదరగొట్టి, తర్వాత హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్ పెట్టారు. ఆ ఎలుకల్లో క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తులకీ లింఫ్ గ్రంథులకీ ఎక్కువగా చేరాయి. 2022లో చైనాలో వెస్ట్‌లేక్ యూనివర్సిటీ వాళ్లు కణితి లోపలే ఉండే బ్యాక్టీరియాని చూశారు. రక్తప్రవాహపు ఒత్తిడికి చాలా క్యాన్సర్ కణాలు చితికిపోతాయి. లోపల బ్యాక్టీరియా ఉన్న కణం తన లోపలి చట్రాన్ని సర్దుకుని ఆ ఒత్తిడిని తట్టుకుంటోంది. ఇదీ ఎలుకల్లోనే.

అమ్మగారి మాత్రలు మానకుండా వేసుకోవడం ముఖ్యం. పాకే ప్రమాదాన్ని తగ్గిస్తాయని మనుషుల్లో రుజువైనవి అవి. పొడుల జాబితాకి అలాంటి రుజువు లేదు. ఈ రంగంలో తొందరపాటు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. దాదాపు ప్రతి క్యాన్సర్‌కీ తనదైన బ్యాక్టీరియా గుర్తు ఉంటుందని, రక్తంలో పట్టుకోవచ్చని 2020లో నేచర్ అనే సైన్సు పత్రికలో పెద్ద పేపరు వచ్చింది. లెక్కలు వేరేవాళ్లు తిరిగి చేస్తే మనిషి డీఎన్ఏనే చాలాచోట్ల బ్యాక్టీరియాగా పొరబడ్డారని తేలింది. 2024లో ఆ పేపరుని ఉపసంహరించారు.

తరి_పొలం

చాలా థాంక్స్ అండి. ఆ పొడులు ఆర్డర్ పెట్టను.

దంతసిరి

పళ్ల డాక్టర్ని, కర్నూలు. ఫ్యూజోబ్యాక్టీరియం మాకు రోజూ కనబడేదే, చిగుళ్ల జబ్బులో దీని పాత్ర పెద్దది. 2024లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ కేంద్రం వాళ్లు ఇంకాస్త లోతుకెళ్లి, ఇందులో ఒక ఉపరకంలోని ఒక శాఖే పేగు కణితుల్లో స్థిరపడుతోందని చూపించారు. అది కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోగలదు. వాళ్లు చూసిన కణితుల్లో సుమారు సగంలో అదే ఉంది.

పళ్లు తోముకుంటే క్యాన్సర్ పాకదని నేను చెప్పను, అలాంటి రుజువు లేదు. చిగుళ్లలో చీము, పుచ్చిన పన్ను ఉంటే కీమోకి ముందే చూపించుకోవడం మాత్రం తప్పనిసరి. తెల్లకణాలు పడిపోయాక అదే పన్ను పెద్ద ఇన్ఫెక్షన్‌కి దారి అవుతుంది. కీమో మొదలయ్యాక మెత్తటి బ్రష్, భోజనం తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు, వంటసోడా చిటికెడు చిటికెడు వేసి పుక్కిలించడం చాలు. మండే మౌత్‌వాష్‌లు వద్దు. కీమో మధ్యలో పన్ను పీకించాలంటే మీ క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా ఏ క్లినిక్‌కీ వెళ్లకండి.

వైనతేయ

నాన్నగారికి కిందిపన్ను ఒకటి కదులుతోంది! ఇదీ రాసుకుంటున్నాను. సూక్ష్మలోకం గారూ, ఒక్క సందేహం. పేగు నుంచి లివర్‌కే ఎందుకు పోతుంది ముందు?

సూక్ష్మలోకం

రక్తం దారి అది. పేగుల నుంచి వచ్చే రక్తం దాదాపు అంతా పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కే చేరుతుంది. పేగు గోడలోని రక్తనాళాలకి ఒక వడపోత ఉంటుంది, ఆహారపు పోషకాలని వదిలి బ్యాక్టీరియాని ఆపుతుంది. 2021లో మిలన్‌లో మరియా రెషిన్యో బృందం, పేగు కణితిలోని కొన్ని ఈ-కోలైలు ఆ వడపోతని పాడుచేస్తాయని చూపించింది. బ్యాక్టీరియా ముందుగా లివర్‌కి చేరి, అక్కడికి రోగనిరోధక కణాలని రప్పించి వాతావరణం మార్చేస్తుంది. విత్తనం పడకముందే ఎవరో దుక్కి దున్ని పెట్టినట్టు. తర్వాత వచ్చిన క్యాన్సర్ కణానికి నాటుకోవడం తేలికవుతుంది. ఆ వడపోత చెడిందని తెలిపే పీవీ-1 అనే ప్రొటీన్ కణితి దగ్గర ఎక్కువగా ఉన్న రోగుల్లో, తర్వాతి కాలంలో లివర్‌కి పాకడం ఎక్కువగా కనబడింది.

నాకు ఈ పరిశోధనల్లో అన్నిటికన్నా ఆశ కలిగించేది ఇదే. ఎవరికి పాకే ప్రమాదం ఎక్కువో ఆపరేషన్ నాడే తెలిస్తే, వాళ్లని ఇంకా దగ్గరగా గమనించవచ్చు. ఆస్పత్రుల్లో రోజువారీ పరీక్షగా ఇంకా రాలేదు.

సీమ_గాలి

మంచోళ్ల మలం ఇంకొకరి పేగులోకి ఎక్కిస్తే ఇమ్యూనోథెరపీ పనిచేస్తుందని ఒక వీడియోలో చూసినా. నిజమేనా?

సూక్ష్మలోకం

2021లో పిట్స్‌బర్గ్‌లోనూ, ఇజ్రాయెల్‌లోనూ చేశారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులు, అప్పటికే ఇమ్యూనోథెరపీ పనిచెయ్యనివాళ్లు. పిట్స్‌బర్గ్‌లో 15 మందిలో 6గురికి, ఇజ్రాయెల్‌లో 10 మందిలో 3గురికి మేలు జరిగింది. చిన్న ప్రయోగాలే, కానీ ఏ దారీ లేనివాళ్లలో వచ్చిన ఫలితం కాబట్టి మాలాంటివాళ్లం చాలా కదిలిపోయాం. దాతలని గట్టిగా వడపోసి, ఆస్పత్రిలో చేసిన పని అది. 2019లో అమెరికాలో సరిగ్గా పరీక్షించని దాత మలం నుంచి మందులకు లొంగని ఈ-కోలై సోకి ఒక రోగి చనిపోయారు. అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప ఇంకెక్కడా దీని జోలికి వెళ్లకండి.

వార్డు_అక్క

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు, వార్డులో మమ్మల్ని ఎక్కువగా అడిగేది అదే.

ఎం.డి. ఆండర్సన్ వాళ్లు 2021లో మెలనోమా రోగుల తిండి చూస్తే, రోజుకి 20 గ్రాములు అంతకుమించి పీచు తినేవాళ్లలో ఇమ్యూనోథెరపీ ఫలితం మెరుగ్గా ఉంది. ప్రోబయోటిక్ మాత్రల వల్ల అలాంటి మేలు కనబడలేదు, ఎలుకల్లో అయితే చెడే చేసింది. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో చూస్తే వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో 10, రాగుల్లో 11, కందిపప్పులో 9. తెల్లన్నం పక్కన పెట్టి రాత్రికి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తింటే తేడా అర్థమవుతుంది.

పేగు ఆపరేషన్ అయినవాళ్లు ఇది చదివి రేపే మొదలెట్టకండి. కుట్లు మానేదాకా, పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉంటే, కొత్తగా సంచి పెట్టినప్పుడు పీచు తక్కువ ఉన్న తిండే ఇస్తాం. ముదురు తోటకూర కాడలు, కొబ్బరి, మొక్కజొన్న గింజలు అడ్డంపడి సంచి నిండటం ఆగిపోయి, పొట్ట బిగుసుకుని అర్ధరాత్రి వచ్చినవాళ్లని చూశాను. అవి ఎప్పుడు మొదలెట్టాలో మీ సర్జన్ చెప్పాలి.

పాలమూరు_బిడ్డ

మాకు గూడ గట్లనే చెప్పిండ్రు. ముందుగాల గంజి, మెత్తటి అన్నం, సొరకాయ పప్పు. తర్వాత మెల్లగ పల్చటి జొన్న అంబలి. ఇప్పుడు తమ్ముడు రొట్టె తింటుండు.

వైనతేయ

డాక్టరుగారిని కలిసి వచ్చాం. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను, ఆయన కాగితం చేతిలోకి తీసుకుని ఒక్కోటి చదివి జవాబు చెప్పారు. అంత ఓపిగ్గా మాట్లాడటం ఇదే మొదటిసారి.

ప్రోబయోటిక్ పొడి వద్దన్నారు, తెల్లకణాలు తక్కువగా ఉన్నాయి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు గురించి అడిగితే, పాలు బాగా మరగకాచి, ఏరోజుకారోజు తోడుపెట్టిందైతే తినొచ్చన్నారు, తెల్లకణాల కౌంట్ బాగా పడిపోయిన వారం మాత్రం ఆపమన్నారు. మెట్రోనిడజోల్ గురించి తనకీ తెలుసన్నారు, క్యాన్సర్ కోసం రాయడం లేదన్నారు. లివర్ మీద ఉన్నది ఒకటే మచ్చ కాబట్టి కీమోకి కుంచించుకుపోతే కోసి తీసేసే అవకాశం ఉందట. ఇది నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. కదిలే పన్నుకి కౌంట్ చూసి రోజు చెబుతామన్నారు. డబ్బా విషయం నాన్నగారికి ఆయనే స్వయంగా చెప్పారు, ఇక అడగడం మానేశారు.

వార్డు_అక్క గారూ, నాన్నగారికి జామపండంటే ప్రాణం. సంచి ఉండగా పెట్టొచ్చా?

వార్డు_అక్క

లివర్ సంగతి వినగానే ప్రాణం లేచొచ్చింది అండి. జామపండు ఇప్పుడే వద్దు, గింజలు, తొక్క రెండూ ఇబ్బందే. సర్జన్ గారు సరేనన్నాక, బాగా పండినదాన్ని తొక్క తీసి, గింజల భాగం పూర్తిగా గీకేసి, చుట్టూ ఉన్న గుజ్జు రెండు ముక్కలు మెత్తగా నమిలి తినమనండి. ఆ రోజు సంచి ఎప్పటిలాగే నిండుతోందో లేదో గమనించండి. నిండకపోయినా, పొట్ట నొప్పి, వాంతి వచ్చినా ఫోన్ చెయ్యండి. అప్పటిదాకా అరటిపండు పెట్టండి.